గోరింకకు గొంతిచ్చిన జయశ్రీ

జీలుగువలసలో ఏ మాటైనా రెండుసార్లు పుట్టాలి. మొదటిసారి ఊరి పెద్ద సుక్రు ఇంటి ముందున్న బండరాళ్ళ మీద పుడుతుంది. పెద్దలు అక్కడ కూర్చుని వాదించుకుని, అలిగి లేచిపోయి, ఎవరో బతిమాలితే మళ్ళీ వచ్చి కూర్చుని, చివరికి ఒక మాట మీదికి వస్తారు. రెండోసారి బారిక నోట పుడుతుంది. బారిక అంటే ఊరికి చాటింపు వేసే మనిషి. కొత్త మామిడికాయ ఏ రోజు నుంచి తినొచ్చో, చోడి, అంటే రాగి, విత్తనం ఎప్పుడు చల్లాలో, అంటురోగం ఉన్న ఏ ఊరి సంతకి పోకూడదో అతను కర్ర నేలకు తాటించి కేకవేస్తే ఇక ఆ సంగతి తేలిపోయినట్టే. వాదించాలనుకున్నవాడు రాళ్ళ దగ్గరే వాదించాలి. చాటింపు అయ్యాక నోరెత్తితే ఊరిని కించపరిచినట్టు.

ఆ ఊరి బారిక సోంబరు. ముప్పై ఏళ్ళుగా అతని గొంతే ఊరి గొంతు. పొగమంచు దట్టంగా కమ్మిన ఉదయాన కూడా ఆ కేక చివరి ఇంటి దాకా వెళ్ళేది. అతని ఒక్కగానొక్క కూతురు జయశ్రీకి ఆస్తిపాస్తులేమీ రాలేదు గానీ ఆ గొంతు మాత్రం వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ ఇంట్లో నోరు ఎప్పుడూ మంచిదే. మంచి నోరు కూడా ఊరిని ఎలా ముంచగలదో ఆ సామెత కట్టినవాడికి తెలియదు.

జయశ్రీ అరకు హాస్టల్లో ఇంటర్ దాకా చదివి ఊరికి తిరిగొచ్చింది. ఊరి బడిలో భాషా వాలంటీరు పని దొరికింది. మాస్టారు మైదానం నుంచి వచ్చేవాడు, ఆయనకు ఊళ్ళో మాట్లాడే ఆదివాసీ ఒడియా రాదు. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు రాదు. మధ్యలో వంతెన జయశ్రీ. వంతెనను తొక్కుకుంటూ పోవడమే తప్ప ఎవరూ పట్టించుకోరు, ఆమెనూ అలాగే చూశారు. కానీ చేరిన ఏడాదే ఆమె ఆ బడిలో ఒక ఆట మొదలుపెట్టింది. తను ఏ సంగతి చెప్పినా సరే, ఒక పిల్ల లేచి "నీకెలా తెలుసు?" అని అడగాలి. జయశ్రీ చూపించి నిరూపించాలి. చూపించలేకపోతే ఓడినట్టు. ఓడితే క్లాసులో అందరికీ తలా ఒక జామకాయ. ఆ జామకాయల కోసం పిల్లలు ఆమెను కాకుల్లా పొడుచుకు తినేవారు. అందరిలోకీ గట్టిది భాను, సుక్రు మనవరాలు. "ఉరుము కన్నా మెరుపు ముందొస్తాది" అంటే కూడా ఒప్పుకునేది కాదు. జయశ్రీ ఎదుటి గట్టు మీద బట్టలుతికే ఆమెను చూపించి, బట్ట రాతికి తగిలాక ఎంతసేపటికి చప్పుడు వినిపిస్తుందో లెక్కపెట్టిస్తే అప్పుడు కూర్చుంది.

లక్ష్మీప్రసాద్ ఆ బడికి వచ్చింది ఆ రోజుల్లోనే. విశాఖపట్నంలో పిల్లల కోసం చిన్న చిన్న బొమ్మల పాఠాలు తీసే సంస్థ అతనిది. ఒక్కో పాఠం మూడు నిమిషాలు. ఎముక విరిగితే ఎలా అతుక్కుంటుంది, చీమలు వరసగా ఎందుకు నడుస్తాయి, నక్షత్రం ఎందుకు మినుకుమంటుంది, ఇలా పిల్ల బుర్రలో ఏ పురుగు తొలిచినా దానికొక పాఠం ఉంటుంది. తెలుగులో, హిందీలో బాగా ఆడాయట. ఇప్పుడు కొండ భాషల్లో చెయ్యాలని బయలుదేరాడు. జయశ్రీ పాఠం చెప్తుంటే కిటికీ బయట నిలబడి పావుగంట విన్నాడు. లోపలికి వచ్చి, "మీరు మాకు కావాలమ్మా" అన్నాడు. ఆమెను 'మీరు' అన్న మొదటి మనిషి అతనే. ఆ ఒక్క మాటకే పడిపోయానని ఇప్పుడు తనను తాను తిట్టుకుంటుంది గానీ, ఇరవై రెండేళ్ళ పిల్లను ఎవరైనా ఆ మాట అంటే పడకుండా ఉంటుందా?

రికార్డింగు అరకులో ఒక లాడ్జి గదిలో. తలుపులకీ కిటికీలకీ రగ్గులు కట్టి, ఫ్యాను ఆపేసి, మైకు ముందు కూర్చోబెట్టేవారు. బయట బొంగు చికెన్ అమ్మేవాడు కేకవేసినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి చదవాలి. మొదటి బొమ్మలు చూసి ఆమె నవ్వాపుకోలేకపోయింది. కొండ మనుషుల నెత్తిన ఈకలు, నడుముకి ఆకులు.

"సార్, మా ఊళ్ళో నెత్తిన ఈకలెట్టుకునేది కోడిపుంజొక్కటే. మా నాన్న ఫ్యాంటేసుకుంటాడు" అంది.

లక్ష్మీప్రసాద్ సిగ్గుపడి అన్నీ మళ్ళీ గీయించాడు. ఇళ్ళకు రేకులు వచ్చాయి, ఊట దగ్గర కుండ పోయి ప్లాస్టిక్ బిందె వచ్చింది. అందుకే అతను చెడ్డవాడని ఆమె ఇప్పటికీ అనలేదు. చెడ్డవాడైతే మొదటి రోజే తెలిసిపోయేది.

పాఠాలు చెప్పేది ఒక గోరింక. నల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు. దానికి గొంతు జయశ్రీది. మూడేళ్ళలో నలభై ఒక్క పాఠాలు చేసింది. బడి టీవీలో, అమ్మల ఫోన్లలో, సంతలో పకోడీలు వేసే కొట్టులో కూడా ఆ గోరింక పలికేది. దాన్ని జనం గోరింక అనలేదు, బారిక గుంట, అంటే బారిక కూతురు, అన్నారు. "బారిక గుంట దోమల గురించి సెప్పింది ఇన్నావా?" అని అడ్డాకుల విస్తళ్ళు కుట్టుకుంటూ ఆడవాళ్ళు మాట్లాడుకునేవారు. అలా అన్నప్పుడు సోంబరు పక్కనే ఉంటే వినపడనట్టు మీసం దువ్వుకునేవాడు.

వాటిలో జయశ్రీ సొంతంగా రాసిన పాఠం ఒకటుంది. ఊరి పైన గొడుగుమెట్ట అని కొండ. దాని నడుములో ఒక ఊట. ఎండాకాలంలో గెడ్డలూ వాగులూ అన్నీ ఎండినా అది ఎండదు, ఊరంతా దాని మీదే బతుకుతుంది. ఎందుకు ఎండదని భాను అడిగింది. జయశ్రీ రెండు వెదురు తట్టలు తెచ్చి, ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో మట్టి మీద ఆకులూ వేళ్ళూ పరిచి, రెండింటిలో చెరో చెంబుడు నీళ్ళు పోసింది. మట్టి తట్ట భళ్ళున కక్కేసి ఊరుకుంది. ఆకుల తట్ట బడి వదిలే దాకా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. పైన అడవి ఉన్నంతకాలం కింద ఊట ఉంటుంది. ఆ తట్టలనే బొమ్మలుగా గీశారు. పట్నం నుంచి వచ్చిన ఏ సంగతినీ నమ్మని సుక్రు కూడా ఆ పాఠం రెండుసార్లు పెట్టించుకుని చూసి, "ఈ గుంట సెప్పింది నిజమే. మా తాత కూడా ఇదే సెప్పీవోడు" అన్నాడు. ఆ రోజు జయశ్రీకి అన్నం సహించలేదు, అంత సంతోషం.

గోరింక మాట అంటే నిజం అని ఊరికి ముద్ర పడింది ఆ పాఠంతోనే. తర్వాత జరిగినదానికి పునాది కూడా అదే.

మూడో ఏట వానాకాలంలో లక్ష్మీప్రసాద్ ఐదు పాఠాలు ఒక్కసారే తెచ్చాడు. అన్నీ కరెంటు గురించి. గాలిమర, సోలారు పలక, బొగ్గు, ఆనకట్ట, ఐదోది నీళ్ళ బ్యాటరీ. కొండ నెత్తిన ఒక చెరువు, కింద ఒక చెరువు తవ్వుతారు. కరెంటు ఎక్కువైనప్పుడు నీళ్ళు పైకి తోడతారు, తక్కువైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. వినడానికి ముచ్చటగా ఉంది. చివర్లో రెండు వాక్యాలు ఉన్నాయి. 'దీనివల్ల కొండకు ఏమీ కాదు. ఊట ఎక్కడికీ పోదు.'

జయశ్రీ అక్కడ ఆగింది.

"సార్, ఇదే కొండ?"

"ఏ కొండా కాదమ్మా. పాఠం అంతే" అన్నాడు లక్ష్మీప్రసాద్. అతనికి నిజంగా తెలియదో, తెలిసీ అన్నాడో దేవుడికెరుక.

నీకెలా తెలుసు అని అడగాలి. ఆరేళ్ళుగా పిల్లలకు నూరిపోసిన ప్రశ్న, నాలుక చివర దాకా వచ్చింది. బయట వాన. ఊరి వైపు ఆఖరి జీపు నాలుగింటికి. మీరు అని పిలిచే మనిషిని అనుమానించడానికి మొహమాటం. పది నిమిషాలు మొహమాటపడితే పదేళ్ళు ఏడవాలని మా పక్క పెద్దలు ఊరికే అనరు. ఆమె ఆ రెండు వాక్యాలూ చదివేసింది. మామూలుగా కూడా కాదు, గోరింక ఎప్పుడూ చదివినట్టు నమ్మకంగా, తియ్యగా చదివి, రగ్గులు విప్పకముందే పరిగెత్తి జీపు ఎక్కింది.

శీతాకాలంలో పాడేరులో ఐదు రోజుల శిక్షణకి వెళ్ళింది. తిరిగొచ్చి జీపు దిగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను చూసి కొత్తగా నవ్వారు. ఇంటి అరుగు మీద చోళ్ళు చెరుగుతున్న తల్లి రత్న, సంచీ కూడా దింపనివ్వకుండా అంది.

"ఇంత సంగతి ఇంట్లో ఒక్క ముక్క సెప్పనేదేటే? ఊరంతా ఏలిముద్రలేసీసినాము."

"ఏ సంగతమ్మా?"

"గొడుగుమెట్ట మీద సెరువు. నువ్వే కదేటి సెప్పినావు!"

ఆ వేలిముద్రల రోజు ఏం జరిగిందో తల్లి చెప్పిందీ, తండ్రి చెప్పిందీ, సుక్రు చెప్పిందీ కలిపితే ఇంతే. ఒక కంపెనీ వాళ్ళు, వాళ్ళతో ఇద్దరు అధికారులు వచ్చారు. బడి గదిలో గ్రామసభ అన్నారు. కిటికీలకు రగ్గులు కట్టి తెల్లగుడ్డ మీద బొమ్మ వేశారు. గోరింక ఎగురుతూ వచ్చింది. వెనకాల కొండ మాత్రం మారింది. లాడ్జి గదిలో చూసిన ఏదో కొండ కాదు, అచ్చు గొడుగుమెట్ట, పైన గొడుగు లాంటి బండతో సహా. గోరింక జయశ్రీ గొంతుతో చెరువుల సంగతి చెప్పి, కొండకు ఏమీ కాదు, ఊట ఎక్కడికీ పోదు అని చెప్పి రెక్క ఊపింది. ఎవరికైనా అభ్యంతరమా అని అధికారి మూడుసార్లు అడిగాడు.

జనం ఏం అనుకున్నారంటే, బారిక ఇంటి గొంతు చాటింది, అంటే పెద్దలు రాళ్ళ దగ్గర కూర్చుని తేల్చేశారు, ఇప్పుడు నోరెత్తితే తప్పు. సుక్రు ఏం అనుకున్నాడంటే, చదువుకున్న గుంట, పట్నంలో అన్నీ కనుక్కుని వాళ్ళ నాన్నకు చెప్పే ఉంటుంది, ఊట గురించి దానికి తెలియనిదేముంది. సోంబరు ఏం అనుకున్నాడంటే, నన్ను అడగకుండా చాటింపు వేయించారంటే సుక్రు నేరుగా నా కూతురికే చెప్పి ఉంటాడు, నేను ముసలివాణ్ణైపోయాను కదా. ముగ్గురూ ఒకే గదిలో, ఒకరి పక్కన ఒకరు, ఎదుటివాడు తేల్చేశాడనుకుని కూర్చున్నారు. మైదానంలోనైతే ఎవడో ఒకడు లేచి గొడవ చేసేవాడు. మర్యాద తెలిసిన ఊరు కాబట్టి మునిగిపోయింది.

జయశ్రీ తండ్రి ముందు కూలబడింది. "ఒక్క మాట నన్నడగాలి కద నాన్నా."

"నీ గొంతు ఇన్నాక ఇంకేటి అడుగుతాను? నా గొంతును నానే అడుక్కుంటానేటి?" అన్నాడు సోంబరు.

లక్ష్మీప్రసాద్ మూడో రోజుకి ఫోనెత్తాడు. పాఠాలు ఒక సంస్థకు అమ్మామని, వాళ్ళు వెనకాల కొండ మార్చుకున్నారని, అలా మార్చుకునే హక్కు కాగితంలో ఉందని చెప్పాడు. గొంతు మీద హక్కు తమదని ఆమె సంతకం పెట్టిన కాగితంలోనూ ఉందట. "నాకూ బాధగానే ఉందమ్మా" అన్నాడు. బాధ ఉండొచ్చు. బాధపడే మనుషులతోనే ఈ దేశంలో పనులన్నీ ఆగకుండా జరిగిపోతున్నాయి.

మండలాఫీసుకి అర్జీ పెడితే గ్రామసభ తీర్మానం నకలు చేతిలో పెట్టారు. అందులో ఒక వాక్యం దగ్గర ఆమె కళ్ళు నిలిచిపోయాయి. 'గ్రామస్తులకు వారి మాతృభాషలో, వారికి అర్థమయ్యే రీతిలో పూర్తి అవగాహన కల్పించడమైనది.' దాని కింద వరసగా నూట పన్నెండు వేలిముద్రలు. ఆమె అమ్మది ఏడోది. పక్కన పేరు రాసి లేకపోయినా గుర్తుపట్టేది, ఆ బొటనవేలికి కొడవలి గాటు ఉంటుంది. అవగాహన కల్పించింది తనే. మూడేళ్ళు కష్టపడి, ఈకలు తీయించి, బిందెలు పెట్టించి, ఒక్క తప్పు పదం లేకుండా కల్పించింది. కంచే చేను మేసిందంటే వినడమే గానీ, ఆ కంచె తనే అవుతుందని జయశ్రీ ఏనాడూ అనుకోలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అటెండరు వచ్చి పక్కకు కూర్చోమన్నాడు, సాహెబు దిగుతారని.

ఊరికి వచ్చి ఆమె అంతవరకూ ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. పెద్దలు కూర్చున్న బండరాళ్ళ దగ్గరికి రెండు తట్టలూ మోసుకుని వెళ్ళింది. కొండ నెత్తి తవ్వితే అడవి పోతుంది, అడవి పోతే తట్ట ఇలా అవుతుందని నీళ్ళు పోసి చూపించింది. ఆ బొమ్మలో చెప్పింది అబద్ధమని, తను తెలియక చదివానని అరిచి చెప్పింది. పెద్దలు ఓపిగ్గా విన్నారు. విన్నాక సుక్రు నెమ్మదిగా అడిగాడు.

"అప్పుడు సెప్పినది నీ నోరేనా?"

"నాదే తాతా."

"ఇప్పుడు సెప్పినది?"

"ఇదీ నాదే."

"బారిక ఇంటి నోరు రెండు పలుకులు పలికితే, ఊరు దేన్ని నమ్ముకోవాలమ్మా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె తిరిగి పోట్లాడేది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు, మాట అప్పటికే ఊరు దాటి, కొండ దిగి, కాగితమై, సీలు పడి కూర్చుంది. సుక్రుకీ ఆ సంగతి తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలని అర్జీల మీద అర్జీలు రాయించాడు, ఇద్దరు ముగ్గురు నాయకుల దగ్గరికి తిరిగాడు. తీర్మానం ఏకగ్రీవం కదా అన్నారు అందరూ. జయశ్రీ తట్టలు చూపించిన మర్నాడు పొద్దునే సోంబరు తన కర్రను తెచ్చి రాళ్ళ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఉంచుకోమని ఎవరైనా అంటారేమోనని వీధి మలుపు దాకా మెల్లగా నడిచాడు. ఎవరూ అనలేదు. ఇప్పుడు చాటింపు వేసేది ఇంకెవరో. ఆ కేక మూడో ఇంటికి కూడా వినపడదు. సోంబరు ఇంట్లో ఉప్పు కావాలన్నా చెయ్యి చూపిస్తాడు గానీ నోరు తెరవడు. కూతుర్ని తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె రోజూ కోరుకుంటుంది.

సంక్రాంతి దాటాక గొడుగుమెట్ట మీదికి దారి కొట్టారు. బోరు వేసే యంత్రం పొద్దున్నుంచీ మోగుతుంది. ఊట ఇంకా పారుతోంది, కానీ ఎర్రగా పారుతోంది. ఆడవాళ్ళు చీర చెంగు నాలుగు మడతలు పెట్టి వడకడుతున్నారు.

ఆ వారంలోనే ఒక రోజు, మాస్టారు పాపం ఏమీ ఆలోచించకుండా బడి టీవీలో ఊట పాఠం పెట్టాడు, పుస్తకంలో ఆ రోజు పాఠం అదే మరి. పసుపు ముక్కు గోరింక వచ్చి, పైన అడవి ఉన్నంతకాలం కింద ఊట ఉంటుందని మూడేళ్ళ కిందటి జయశ్రీ గొంతుతో హుషారుగా చెప్పింది. టీవీ ఆగాక భాను లేచి నిలబడింది. నవ్వు లేదు. జామకాయల కోసం లేచే పిల్ల ముఖం కాదది.

"అక్కా, గోరింక ఇప్పుడు అడివుంటేనే ఊటుంటాదంది. ఆ రోజు కొండ తవ్వినా ఊటకేటీ కాదంది. రెంటిలో ఏది నిజం?"

"ఇప్పుడు విన్నదే నిజం" అంది జయశ్రీ.

"నీకెలా తెలుసు?"

ఆమె మూల నుంచి తట్టలు తెచ్చింది. మట్టి నింపింది, ఆకులు పరిచింది, చెంబుతో నీళ్ళు పోసింది. పైన కొండ మీద యంత్రం మోగుతూనే ఉంది. ఒక తట్ట కక్కేసింది, రెండోది బొట్టు బొట్టుగా కారడం మొదలుపెట్టింది, ఎప్పటిలాగే. పిల్లలు తట్టను చూడటం లేదు. ఆమె ముఖం చూస్తున్నారు.

"ఇది తట్టక్కా. కొండ కాదు" అంది భాను.

ఆ ప్రశ్న అడగడం ఈ పిల్లకు నేర్పింది తనే. తను ఆ లాడ్జి గదిలో ఇంత మొండిగా నిలబడి ఉంటే చాలేది. "ఓడిపోయాను" అంది జయశ్రీ. బడి వెనక చెట్టు నుంచి జామకాయలు కోసుకొచ్చి ఆట ప్రకారం అందరికీ తలా ఒకటి పంచింది. పిల్లలు తీసుకున్నారు. భాను కూడా చెయ్యి చాపి తీసుకుంది. బడి వదిలాక జయశ్రీ గది ఊడుస్తుంటే, భాను కూర్చునే చోట నేల మీద ఆ జామకాయ అలాగే ఉంది, ఒక్క గాటు కూడా పడకుండా.